నేను మూత అతికించిన ఫ్రెంచి జాడీ

2022 ఏప్రిల్. అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో రైలు స్టేషన్‌కి దగ్గర్లో, ఒక టైర్ల షాపు వెనక, ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న గది. అదే నా వర్క్‌షాపు. బేస్‌మెంట్ కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది; మనవాళ్ళలో సగంమంది ఇప్పటికీ నేను ఇంట్లో కూర్చుని విరిగిన కప్పులకు జిగురు రాసుకుంటున్నానని అనుకుంటారు. నా పనిని సెరామిక్స్ కన్జర్వేషన్ అంటారు. వందేళ్ళు, రెండొందలేళ్ళు దాటిన మట్టిసామాను, పింగాణీ పగిలితే, పెచ్చులూడితే, ఆ వస్తువు వయసూ పరువూ పోకుండా బాగుచెయ్యడం. ఉత్తరపు కిటికీ ఎందుకంటే, ఆ వెలుగు రోజంతా పెద్దగా మారదు. రంగులు కలిపేటప్పుడు కళ్ళని మోసం చెయ్యదు.

నేను ఆంధ్రాలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను. హెచ్-ఫోర్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. భర్త ఉద్యోగం చెయ్యొచ్చు, భార్య చెయ్యకూడదు అని ఆ వీసాకి అర్థం. ఇంట్లో కూర్చోలేక కమ్యూనిటీ కాలేజీలో కుండలు చేసే క్లాసులో చేరాను. నేను చేసిన కుండల్ని ఎవరూ మెచ్చుకోలేదు. పగిలినవాటిని నేను అతికించిన తీరు చూసి మాత్రం ఒక ముసలి అమెరికన్ ఆవిడ తన వర్క్‌షాపుకి పిలిచి పని నేర్పింది. ఆవిడ దగ్గర తొమ్మిదేళ్ళు చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో చాలా వస్తువులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఇక్కడ చెప్పేది ఒక్కదాని గురించి. దాన్ని నేను చాలా బాగా బాగుచేశాను. గొడవంతా అక్కడే.

విమల గారు పక్క ఊరు పిస్కాటవే నుంచి వచ్చారు. తెనాలి ఆవిడ, అరవై దాటాయి, ఈ దేశానికొచ్చి నలభై ఏళ్ళయింది. భర్త రావుగారు ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో చేసి రిటైరయ్యారు. విమల గారికి ఎస్టేట్ సేల్స్ పిచ్చి. ఎవరైనా పోతే వాళ్ళ సామానంతా ఆ ఇంట్లోనే పరిచి అమ్మేస్తారు, దాన్ని ఎస్టేట్ సేల్ అంటారు. ఆ రోజు ఆవిడ ఒక వస్తువుని రెండు బీచ్ తువ్వాళ్ళలో చుట్టి, కార్లో పక్కసీటులో కూర్చోబెట్టి, సీట్‌బెల్ట్ కూడా పెట్టి తీసుకొచ్చారు.

"జాడీ బాగుంది కదమ్మా శారదా? మూతొకటే నాలుగు ముక్కలైంది" అన్నారు.

"ఇది జాడీ కాదండీ. షోకేసులో పెట్టుకునేది."

"మూతుంది, మెడుంది, పొట్టుంది. జాడీకి ఇంకేం కావాలే?"

"పొట్టున్నవన్నీ జాడీలైతే మావారిని కూడా అటక మీద పెట్టాలి" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నా నోటికి అలాంటి బహుమతులు చాలా దొరికాయి. నా నోరు అలా తయారవడానికి అదీ ఒక కారణం.

నిజానికి అది జాడీలాగే ఉంది. జానెడున్నర ఎత్తు, గుండ్రటి కడుపు, పొట్టి మెడ. బయటంతా నెమలికంఠం రంగు. దాని మీద రెల్లుదుబ్బులు, ఒక రెల్లు మీద వాలి నీళ్ళలోకి చూస్తున్న లకుముకి పిట్ట. పిట్ట ముక్కు దగ్గర రంగు కాస్త ఉబ్బెత్తుగా, వేలు పెడితే తగిలేంత మందంగా ఉంది. లోపల లేతాకుపచ్చ గ్లేజ్. గ్లేజ్ అంటే మట్టి మీద గాజులా కరిగి అంటుకునే పూత.

తిరగేసి అడుగు చూపించాను. "ఇక్కడ ముద్ర చూడండి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే నొక్కారు. ఇది కుమ్మరిది. ఇప్పుడు ముందువైపు, రెల్లు మొదట్లో, కుంచెతో చిన్నగా రాసిన రెండక్షరాలు. ఇవి చిత్రకారుడివి. ఇద్దరు వేరు వేరు మనుషులు."

"ఒకే కుండకి ఇద్దరా?"

నాకు నచ్చిన సబ్జెక్టు అది. ఇక ఆపుతానా? పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్సులో కుమ్మరులూ చిత్రకారులూ ఎలా జతకట్టారో చెప్పాను. కాన్వాసు మీద బొమ్మలు వేసుకునేవాళ్ళు కుమ్మరుల వర్క్‌షాపులకి వచ్చి, అక్కడే బల్ల వేసుకుని పచ్చి కుండల మీద బొమ్మలు వేసేవారు. కుమ్మరికి మట్టీ నిప్పూ తెలుసు, చిత్రకారుడికి రంగూ గీతా తెలుసు. బట్టీలోంచి బయటికొచ్చాక రంగు ఎలా మారుతుందో చిత్రకారుడికి తెలియదు, కుమ్మరి చెప్పాలి. ఎవరి పేరు ఎక్కడ ఉండాలో తగువులాడుకునేవారు. వాళ్ళు చేసిన కుండలు నీళ్ళు పోసుకోవడానికి కాదు, గోడకి పెయింటింగ్ ఎలాగో బల్లకి ఇది అలాగ.

"మొగుడూపెళ్ళాల్లాగన్నమాట. వండేదొకళ్ళు, పేరొకళ్ళది" అన్నారు విమల గారు.

అప్పుడు నేను చెప్పింది కథలో అందమైన సగం. రెండో సగం కూడా నాకు తెలుసు. ఆ మెరుపు, ఆ లోతు సీసం వల్ల వచ్చేవి. సీసం కలిపిన గ్లేజ్ తక్కువ వేడికే కరుగుతుంది, రంగుల్ని అద్దంలా చూపిస్తుంది. ఆ గ్లేజ్ నూరినవాళ్ళకీ, కుండల్ని అందులో ముంచినవాళ్ళకీ కడుపులో మెలిపెట్టే నొప్పులొచ్చేవి, మణికట్లు పడిపోయేవి. వాళ్ళ పేర్లు కుండ అడుగున ఎవరూ నొక్కలేదు. ఆకుపచ్చ కోసం రాగి కలిపితే ఆ గ్లేజ్ సీసాన్ని ఇంకా తేలిగ్గా వదిలేస్తుంది. పులుపు తగిలితే మరీను. ఇదంతా నాకు తెలుసు. డిగ్రీ ఉంది. కానీ విమల గారు నవ్వుతూ వింటున్నారు, పిట్ట బాగుంది, కిటికీలోంచి వెలుగు బాగుంది. ఆ కబురు ఎందుకులే అనిపించింది.

వెళ్ళేముందు ఆవిడ లోపలికి చెయ్యిపెట్టి తడిమారు. "లోపల గట్టిగానే ఉందా?"

"ఉందండీ. క్రేజింగ్ ఉంది, అంతే." గ్లేజ్‌లో సాలెగూడులా పడే సన్నటి గీతల్ని క్రేజింగ్ అంటారని చెప్పాను.

"అయితే కారుతుందా?"

"కారదులెండి."

షోకేసులో పెట్టుకునే వస్తువు కారుతుందా అని ఎవరైనా ఎందుకు అడుగుతారు? ఈ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. తొమ్మిది నెలల తర్వాత వచ్చింది.

పని మూడు వారాలు పట్టింది. ఎవరో పాతకాలంలో ఆ మూతని జిగురుతో అతికించారు. అది గోధుమరంగుకి తిరిగి ఉంది. దాన్ని మెత్తబరిచి, ముక్కల అంచులు ఒక్కొక్కటీ శుభ్రం చేశాను. మళ్ళీ అతికించాక మూత అంచున చిటికెనవేలి గోరంత ముక్క లేదని తేలింది. అలాంటి ఖాళీని నింపే పదార్థాన్ని ఫిల్ అంటారు. దానికి రంగు కలిపి పోసి, ఆరాక సానపట్టి, ఆపైన ఇన్‌పెయింటింగ్ చేశాను. ఇన్‌పెయింటింగ్ అంటే నింపిన చోట మాత్రమే రంగు వెయ్యడం. పాత చిత్రకారుడు వేసిన దాని మీదికి మన కుంచె ఒక్క వెంట్రుకవాసి కూడా పోకూడదు. మూత జాడీ మీద కాస్త ఊగుతుండేది. అది నాకు ఓర్చుకోలేని విషయం. ఇంకో రెండు రోజులు కూర్చుని అంచు సరిచేశాను. చివరికి మూత పెట్టి తిప్పితే మెత్తగా కూర్చుంది.

నా దగ్గర ఒక పద్ధతుంది. వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు దాని పరిస్థితి రాసిన కండిషన్ రిపోర్టు, దాంతోపాటు ఒక పేజీ సూచనలు ఇస్తాను. అందులో మూడో లైను: అలంకరణకు మాత్రమే, తినేవీ తాగేవీ ఉంచకూడదు, గ్లేజ్‌లో సీసం ఉండవచ్చు. కింద కస్టమరు సంతకం. అమెరికన్లందరి చేతా చేయిస్తాను. మనవాళ్ళ చేత చేయించడం మానేశాను. ఒకసారి ఒక పెద్దమనిషి ఆ కాగితం చూసి, "ఏంటమ్మా, మామీద కేసులేస్తావా, మేం నీమీద వేస్తామా?" అని నొచ్చుకుని, ఆ మాట నాలుగిళ్ళల్లో చెప్పారు. అప్పట్నుంచి తెలుగువాళ్ళొస్తే కాగితం సొరుగులోనే ఉంటుంది, టీ బల్ల మీదికి వస్తుంది. మనవాళ్ళే కదా అనుకోవడం మన రివాజు. మర్యాద అనిపించుకోవడానికి నేనూ పాటించాను.

విమల గారు స్టీలు క్యారియర్‌లో పులిహోర, గోంగూర పచ్చడి తెచ్చారు. మూత తీసి, పెట్టి, తిప్పి చూసి, "అతుకెక్కడో చెప్పు చూద్దాం" అని తనకి తనే పందెం వేసుకున్నారు. ఓడిపోయారు. నా తల కాస్త పెద్దదైంది.

"ఇక చీమ కూడా దూరదండీ. ఊరగాయ పెట్టుకున్నా ఊట కారదు" అన్నాను.

ఇద్దరం నవ్వాం. నేను నా పనితనాన్ని పొగుడుకున్నాను. ఆవిడ ఒక నిపుణురాలి హామీ విన్నారు.

ఆ అక్టోబరులో ఆవిడ ఫోన్ చేశారు. ఒక్కగానొక్క కూతురు పావనికి నెల తప్పిందట. పావని ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ముప్పై ఆరేళ్ళు. అప్పటికి రెండు గర్భాలు నిలవలేదు. ఇది మూడోది. అమ్మావాళ్ళింటికి దగ్గర్లోనే ఉంటుంది, ఇంటినుంచి ఉద్యోగం, పగలంతా అమ్మ దగ్గరే.

"ఈసారి అన్నీ పుల్లనివే కావాలంటోందమ్మా. చిన్నప్పుడు నా ఊరగాయలంటే స్మెల్ అని ముక్కు మూసుకునేది. ఇప్పుడు పెరుగన్నంలో నిమ్మకాయ లేకపోతే ముద్ద దిగదు" అన్నారు విమల గారు. ఎంత మురిసిపోయారో!

నేను కూడా మురిసిపోయాను. తినమనండి అన్నాను.

జనవరిలో ఒక ఉదయం మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు వేరుగా ఉంది. పావనికి రక్తం తగ్గుతోందని మాత్రలిచ్చారట, తగ్గలేదట. కడుపునొప్పి, తలనొప్పి. డాక్టరు అనుమానించి రక్తంలో సీసం చూస్తే ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుందట. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒకావిడ ఇల్లు చూడ్డానికి వస్తోందట.

"పసుపూ కుంకం అన్నీ తీసి పెట్టమందమ్మా. మనమేదో విషం పెట్టినట్టు మాట్లాడుతోంది. నువ్వొక్కసారి రా. నీకు ఇంగ్లీషులో బాగా పోట్లాడ్డం వచ్చు కదా."

వెళ్ళాను. పోట్లాడ్డానికే వెళ్ళాను.

వంటింటి గట్టు మీద పసుపు డబ్బా, కారం, ధనియాల పొడి, కుంకుమభరిణె, ఇత్తడి గిన్నెలు వరసగా ఉన్నాయి. హెల్త్ డిపార్ట్‌మెంట్ ఆవిడ తుపాకీలా ఉండే యంత్రం ఒక్కోదానికీ ఆనించి చూస్తోంది. అది వస్తువులో సీసం ఉంటే చెప్పే యంత్రం. పావని బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఆరో నెల, మొహంలో రక్తం లేదు. రావుగారు ఆమె వెనక నిలబడి ఉన్నారు.

నేను కోటు కూడా విప్పలేదు. "ఇండియన్ ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా మీకు ముందు పసుపే కనిపిస్తుందా? పైపులు చూశారా? గోడల పెయింటు చూశారా? పక్కన హైవే ఉంది, మట్టి చూశారా?" అని మొదలుపెట్టాను.

"చూశాను మేడమ్. పైపులు బాగున్నాయి. పెయింటు బాగుంది. పసుపు కూడా బాగుంది. కుంకం కూడా" అందావిడ, విసుక్కోకుండా.

"చూశారా!" అన్నాను విమల గారి వైపు తిరిగి. గెలిచినట్టే అన్నాను.

హెల్త్ డిపార్ట్‌మెంట్ ఆవిడ పావనిని అడిగింది. "రోజూ తప్పకుండా తినేది ఇంకేమైనా ఉందా? ఈ ఇంట్లోనే తయారైంది?"

"ఓన్లీ అమ్మ పికిల్" అంది పావని.

"నిమ్మకాయేనమ్మా, అదీ ఆగస్టులో పెట్టింది" అంటూ విమల గారు వంటసామాను పెట్టే పాంట్రీలోకి వెళ్ళి, రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకొచ్చి గట్టు మీద పెట్టారు.

లకుముకి పిట్ట నావైపు తిరిగి ఉంది.

ఆ యంత్రం ఆనించాల్సిన అవసరం నాకు లేదు. విమల గారు మూత తీశారు. మెత్తగా వచ్చింది. లోపల నిమ్మకాయ ముక్కలు, ఎర్రటి ఊట, పైన నూనె. ఊట కిందికి దిగినంతమేర ఆకుపచ్చ గ్లేజ్ మెరుపు పోయి పాలిపోయి ఉంది. యంత్రం ఆనించాక ఆవిడ అంకె చూసి, మళ్ళీ ఆనించి, మూత మూసేసి, "దీన్ని ఎవరూ ముట్టుకోకండి" అంది. తర్వాత నన్ను చూసింది. నా మొహంలో ఏదో కనిపించి ఉంటుంది. "ఈ వస్తువు మీకు తెలుసా?"

"తెలుసు. నేనే రిపేర్ చేశాను."

విమల గారికి ఇంకా అర్థం కాలేదు. నన్ను వెనకేసుకు రావడానికన్నట్టు, "నువ్వే అన్నావు కదమ్మా, ఊరగాయ పెట్టినా ఊట కారదని. నిజంగానే కారలేదు. ఒక్క చుక్క కారలేదు" అన్నారు.

రావుగారికి అర్థమైంది. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. మందుబిళ్ళల్లో సీసం లేశమాత్రం ఉందేమో కొలవడమే ఆయన ల్యాబ్ ఉద్యోగం. బీపీ ఉందని ఆయన ఊరగాయ ముట్టరు. పాంట్రీలో ఆ జాడీ వైపు ఒక్కసారి కూడా చూడలేదట. "నా ఇంట్లో..." అన్నారు. 

విమల గారి రక్తం కూడా పరీక్ష చేశారు. కూతురి కంటే ఎక్కువే వచ్చింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అందరికంటే తక్కువ ఆవిడే పట్టించుకున్నారు.

ఇలాంటప్పుడు డాక్టర్లు చేసేది తక్కువ. తినడం ఆపమంటారు. ఐరన్, కాల్షియం ఇస్తారు. సీసాన్ని లాగేసే మందులున్నాయి కానీ పావని స్థాయికి, కడుపులో బిడ్డతో, వాటివల్ల మంచికంటే చెడే ఎక్కువ అన్నారు. ఎముకల్లో చేరింది మెల్లగా బయటికొస్తూ ఉంటుంది, కాన్పయ్యేదాకా రక్తం చూస్తూ ఉండడమే. చూస్తూ ఉండడం అంటే ఏమిటో పావనికి అప్పటికే రెండుసార్లు తెలిసొచ్చింది.

నా రెండో తప్పు ఆ తర్వాత జరిగింది. మొదటిదానికైనా తెలియక చేశానని చెప్పుకోవచ్చు. దీనికి ఆ సాకు కూడా లేదు.

నా పనికి ఇన్సూరెన్స్ ఉంది. వాళ్ళకి చెప్పాలి కాబట్టి చెప్పాను. వాళ్ళ లాయరు ఒకటే మాట అన్నాడు. క్షమాపణ అడగొద్దు, ఫోన్లో ఏమీ ఒప్పుకోవద్దు, ఏదీ రాయొద్దు. వారం తిరక్కుండా పావని ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒక్కటే అడుగుతా. అమ్మ సేస్, మీరే చెప్పారంట, పికిల్ పెట్టొచ్చు అని. మీరు చెప్పారా?"

"ఇప్పుడు నేనేం మాట్లాడకూడదు పావనీ" అన్నాను.

"ఎస్ ఆర్ నో, ఆంటీ."

"నన్ను మాట్లాడొద్దన్నారమ్మా."

"ఓకే. మీరు ప్రొఫెషనల్. అలా చెప్పరు, ఐ న్యూ ఇట్. అమ్మ తన మిస్టేక్ మీ మీద పెడుతోంది" అని పెట్టేసింది.

పాతికేళ్ళుగా ఈ దేశంలో అసోసియేషన్ మీటింగుల్లో, స్కూలు ఆఫీసుల్లో, ఇమిగ్రేషన్ కౌంటర్లలో అందరితో వాదించిన మనిషిని నేను. నోరు మూసుకోమంటే తెరిచే రకం. ఆ ఒక్క రోజు బుద్ధిగా మూసుకున్నాను. నా వర్క్‌షాపు పోతుందని భయపడ్డాను. వేరే కారణమేదీ లేదు.

పావని తల్లింటికి రావడం మానేసింది. తల్లి తప్పు చేసినందుకు కాదు, అబద్ధం చెప్పిందనుకుని. మార్చి నెలాఖర్లో, నెల ముందే, ఆడపిల్ల పుట్టింది. తక్కువ బరువు. రక్తంలో సీసం ఉంది. విమల గారు ఆస్పత్రి లాబీ దాకా వెళ్ళి, పైకి రావొద్దని కూతురు కబురు పెడితే, అక్కడే ఒక సోఫాలో సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చారు. ఈ సంగతి రావుగారు చెప్పారు. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పారు.

ఆ మర్నాడు నేను ఉత్తరం రాశాను. వర్క్‌షాపు లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, తేదీ వేసి. కండిషన్ రిపోర్టు రాసినట్టే రాశాను, విశేషణాలు లేకుండా. ఈ గ్లేజ్‌లో సీసం ఉంటుందని నాకు ముందే తెలుసు. మీ అమ్మగారికి చెప్పలేదు. అందరికీ ఇచ్చే హెచ్చరిక కాగితం ఆవిడకి ఇవ్వలేదు. ఊరగాయ పెట్టినా కారదని నేనే అన్నాను. మీ అమ్మగారు అబద్ధం చెప్పలేదు. సంతకం చేసి పోస్టులో వేసి, తర్వాత లాయరుకి చెప్పాను. అతనన్న మాటలు ఇక్కడ రాయను.

పావని కేసు వెయ్యలేదు. ఉత్తరానికి జవాబూ ఇవ్వలేదు. తల్లికి ఫోన్ చేసి, "నువ్వు అబద్ధం చెప్పలేదు, సారీ" అందట. అంతటితో ఆగింది. అబద్ధం విషయం తేలిపోయింది, నిమ్మకాయ విషయం మిగిలింది. అప్పుడప్పుడూ పిల్ల ఫొటోలు పంపిస్తుంది, పిల్లని పంపించదు.

విమల గారు నా దగ్గరికి ఒకసారి వచ్చారు. ఏ క్యారియరూ తేలేదు. "నీ తప్పేం లేదమ్మా. నువ్వు నవ్వులాటకన్నావు. నాకే తెలివుండాలి" అన్నారు.

"అలా అనకండి. తెలివున్నదాన్ని నేను. చదివినదాన్ని నేను" అని ఆవిడతో కూడా వాదించాను. ఆవిడ వినిపించుకోలేదు. మెట్లు దిగుతూ రైలింగు పట్టుకుని ఆగి ఆగి దిగారు. ఏడాదిలో పదేళ్ళు మీదపడ్డాయి.

ఈ సంవత్సరం, 2025 వేసవిలో, పావని నా వర్క్‌షాపుకి వచ్చింది. కూతుర్ని తీసుకొచ్చింది. పాపకి రెండేళ్ళు దాటాయి. నడుస్తుంది, నవ్వుతుంది, కిటికీ దగ్గర వెలుగు పడ్డ చోట కూర్చుని చెప్పు స్ట్రాపు అంటించి, పీకి, అంటించి, పీకి, అరగంట అదే ఆట. మాట మాత్రం రాలేదు. ఒక్కటి కూడా.

"స్పీచ్ థెరపీ స్టార్ట్ చేశాం. డాక్టర్ని అడిగాను, ఇది ఆ లెడ్ వల్లేనా అని. కాంట్ సే అన్నాడు. ప్రిమెచ్యూర్ బేబీస్ లేట్‌గా మాట్లాడతారంట. కొందరు ఊరికే లేట్ అంట" అంది పావని. తర్వాత నా కళ్ళల్లోకి చూసింది. "మీరు కెమిస్ట్రీ చదివారు కదా ఆంటీ. ఎవరూ స్ట్రెయిట్‌గా చెప్పట్లేదు. మీరు చెప్పండి. దాని వల్లేనా?"

"తెలియదు. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ కాదు అని మాత్రం నేను చెప్పను" అన్నాను.

ఆమె తలూపింది. ఏడవలేదు. "అందరూ కాదు, కాదు అంటారు. నన్ను ఊరుకోబెట్టడానికి" అంది. కిందికి వంగి పాప చెప్పు సరిచేసింది.

ఈ వ్యవహారం ఏం నేర్పిందని అడిగితే, కాగితం మీద సంతకం తీసుకోవాలని నేర్పింది అంటే అది సగం నిజం. ఇప్పుడు తెలుగువాళ్ళ చేత కూడా చేయిస్తున్నాను, తెలుగులోనే రాయించి పెట్టాను, నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకుంటున్నారు. కానీ విమల గారు ఆ కాగితం మీద సంతకం పెట్టి, ఇంటికెళ్ళి ఊరగాయ పెట్టి ఉండేవారు కాదని నేను చెప్పలేను. ఎవరూ చదవని కాగితం నన్ను కాపాడుతుంది, తినేవాళ్ళని కాదు. నా పనిలో మేం వస్తువు పుట్టుక గురించి గంటలు మాట్లాడతాం. ఎవరు చేశారు, ఎవరు గీశారు, ముద్ర ఎవరిది. అది ఏ ఇంటికి వెళ్తోంది, ఎవరి వంటింట్లోకి వెళ్తోంది, ఆ ఇంట్లో మూతున్న పాత్ర కనిపిస్తే చెయ్యి ముందు దేనికి వెళ్తుంది, ఇవి నేను అడగలేదు. అమెరికన్ని అడగడం నాకు తెలియకపోవచ్చు. తెనాలి ఆవిడని అడగడం నాకు తెలియదా? ఆ వంటిల్లు నాకు తెలిసినంతగా ఈ దేశంలో ఈ పని చేసేవాళ్ళలో ఇంకెవరికి తెలుసు? అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా, పెట్టెలోంచి వస్తువు తీయకముందే, ఇంట్లో దీన్ని ఎక్కడ పెడతారు, ఇందులో ఏం పోస్తారు అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. నేను నవ్వను, జవాబు వచ్చేదాకా పెట్టె తెరవను.

పాపకి వచ్చే నెల మళ్ళీ పరీక్షలున్నాయి. పావని నన్ను తోడు రమ్మంది, డాక్టరు చెప్పేది విని తనకి విడమరిచి చెప్పడానికి. వెళ్తున్నాను. వాళ్ళమ్మని కూడా పిలవమని అడిగాను.

"నాట్ యెట్, ఆంటీ" అంది.